కొమ్ము రింగు

పర్లాకిమిడిలో కొమ్ము పనివాళ్ల వీధి.
రంపం ఆడుతుంటే
వెంట్రుకలు కాలిన వాసన.
అందులోకి వెళ్లాను,
ఒక చేతిలో టేకు పెట్టె,
ఇంకో చేతిలో మూడు వాయిదాలు బాకీ ఉన్న కెమెరా.

పెట్టె క్వార్టర్ ప్లేటుది.
మూసేసిన స్టూడియో సామాను తూకానికి అమ్ముతుంటే
ఇత్తడికో ధర, చెక్కకో ధర అన్నాడు పాత సామాన్లవాడు.
విడదీయొద్దని బతిమాలి రెండూ కొన్నాను.
ముడతల తిత్తిలో టార్చి పెట్టి చూస్తే
అట్టుకున్నన్ని చిల్లులు.
పాతపట్నం నుంచి హార్మోనియంలు బాగుచెయ్యడానికొచ్చే గున్నయ్య
సంచిలోంచి మేకతోలు తీసి, మూలమూలా అతికి,
తిత్తిని చెవి దగ్గర పెట్టుకుని నొక్కాడు.
"గాలి ఆగిపోతే వెలుతురూ ఆగిపోద్ది బావూ"
అని, రాగం రానందుకు కాస్త నిరాశగా
తిరిగిచ్చేశాడు.

ఇక మిగిలింది
ఆ నోటికీ ఈ నోటికీ మధ్య ఒక రింగు.
దండపాణి మహారణా ముప్పయ్యేళ్లుగా
కొంగలూ రొయ్యలూ చెక్కుతున్నవాడు.
విరిగిన లెన్సు వెనకనుంచి ఊడదీసిన లోహపు పళ్లని
అరచేతిలో పెట్టుకుని
పిట్ట గుండెని చూసినట్టు చూశాడు.
నాది తెలుగు, అతనిది ఒడియా.
మిల్లీమీటరు అన్నాను. గోరు చూపించాడు.
"హెబ" అన్నాడు.
అవుద్ది అని అర్థం. ఎప్పుడని కాదు.

తొమ్మిదో రోజుకి అయింది.
నల్లగా, పాలచార ఒకటి అడ్డంగా పోతూ,
గేదె ఇంకా దేన్నో నెమరేస్తున్నట్టు.
మేడ మీదికెక్కి బిగించాను.
దండెం మీద చీరకున్న క్లిప్పు
తుప్పుతో సహా కనబడింది.
వెనక కొండ మాత్రం పొగ.
తిత్తిని ఎంత ముడిచినా, పట్టాల చివరికి తోసినా
కొండ కొండ కాలేదు.
దగ్గరివన్నీ దొరికాయి. దూరం దొరకలేదు.
లెక్క వేస్తే
అనంతానికి నాలుగు మిల్లీమీటర్లు అడ్డం.

"అర గోరు" అన్నాడు దండపాణి, నొచ్చుకోకుండా.
గరుకు కాగితం మీద రింగుని తిప్పాడు, తిప్పాడు.
అతని బొటనవేలూ కొంచెం అరిగింది.
ఈసారి కొండ మీద
వాన కోసిన ఎర్ర గీత కూడా వచ్చింది.
అతన్ని పిలిచి చూపించాను.
"మా మావ ఊరు దాని వెనక" అన్నాడు,
అదీ కనబడుతుందేమోనని మెడ చాచి.

కూలి వద్దు, ఫొటో తియ్యమన్నాడు.
అద్దం పలక ఒక్క చూపులో మింగే మనిషిని
ఈ కొత్త కన్ను మింగలేదు.
పద్దెనిమిది ముక్కలుగా ఎత్తాలి.
అంతా తలకిందులు గనక
నుదురు కావాలంటే కిందికి జరపాలి,
మోకాలు కావాలంటే పైకి.
జరిపాను, నొక్కాను, జరిపాను.
నుదుటికీ మోకాలికీ మధ్య
ఒక బస్సు వెళ్లింది, టీ చల్లారింది,
అతని కూతురు ఝిల్లి వచ్చి
అన్నం పెట్టమంటావా అని అడిగి వెళ్లింది.
కళ్లు కదల్లేదు. చెయ్యి కదిలింది.
పదకొండో ముక్కలో ఆకురాయి మీద,
పన్నెండోదానిలో ఆకురాయి పక్కన.

రాత్రి కంప్యూటర్లో కుట్టాను.
ఈ చేతికి ఆరు వేళ్లు, చెరిపెయ్యమంటావా
అని అడిగింది యంత్రం.
వద్దన్నాను. ఎందుకో చెప్పాల్సిన పని లేదు దానికి.

పొద్దున దండపాణి వేళ్లు లెక్కపెట్టుకున్నాడు,
ఫొటోలోవి ఒకసారి, ఒంటివి ఒకసారి.
"ఆరోదానికి కూలి వేరే" అన్నాడు.
ఇచ్చాను. తీసుకున్నాడు.

వానలు పడితే కొమ్ము ఉబ్బుతుంది.
మెలి తిప్పినా కెమెరా ఊడి రాదు.
రేపు పెళ్లి ఉంది, కావాలి.
లాగితే పళ్లు విరుగుతాయి.
పొయ్యి గట్టు మీద రెంటినీ అలాగే పెట్టి
పడుకుంటాను.